ద్రాక్ష ముందు చేరిన ‘రు’

పత్రికలో ఒక అక్షరం పోతే పెద్ద ప్రమాదం లేదు. చదివేవాళ్లే దాన్ని పూడ్చుకుంటారు. ‘కలెక్టర్’లో ఒక వత్తు ఎగిరిపోయినంత మాత్రాన ఆయన ఉద్యోగం పోదు. అక్షరం అదనంగా చేరితేనే ముప్పు. పోయిన అక్షరాన్ని చూసి జనం అచ్చుతప్పు అనుకుంటారు. చేరిన అక్షరాన్ని చూసి వార్త అనుకుంటారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు కలిసినప్పుడు నన్ను ఎన్నికల గురించి, వరదల గురించి అడుగుతారు. అవి అందరూ రాసినవే. జగిత్యాలలో కూర్చుని సగం జీవితం ఒక దినపత్రికకు వార్తలు పంపిన మనిషిని నేను. అన్నేళ్లలో నేను ఎక్కువ భయపడ్డదీ, ఎక్కువ నవ్వుకున్నదీ ఒకే వారంలో. పదవీ విరమణకు కొద్దిగా ముందటి మాట. దానికి కారణం ఒక పుస్తె, ఆ పుస్తె మీద చిటికెన వేలి గోరంత ద్రాక్ష గుత్తి.

ఆ రోజు మక్కజొన్నల కొనుగోళ్ల వార్త కోసం కోరుట్ల వెళ్లాను. మార్కెట్‌లో పని తొందరగా అయిపోయింది, జగిత్యాల బస్సు మాత్రం తొందరపడలేదు. అలాంటప్పుడు బస్టాండులో కూర్చోకుండా ఏదో ఒక గల్లీలో నడవడం నాకు అలవాటు. మంచి వార్తలన్నీ నాకు బస్సు ఆలస్యం వల్లే దొరికాయి. ఆ నడకలో అవుసులాయన కొట్టు ముందు ఆగాను. మన పత్రికల్లో స్వర్ణకారుడు అని రాస్తాం గానీ మా ఊళ్లలో ఆయనను ఎవరూ అలా పిలవరు.

మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల నగల దుకాణాలు వచ్చాక ఆయన కొట్టు గల్లీ లోపలికి జరిగింది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు కుటుంబంతో అటే వెళ్తారు. ఈయన దగ్గరికి ముక్కుపుడక మర విరిగినవాళ్లు, పుస్తెలతాడు తెగినవాళ్లు వస్తారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన బాధపడలేదు. “తెగితే నేను యాదికొస్త సారు. జనం బంగారం తెగుతనే ఉంటది, నాకేం తక్కువ” అన్నాడు.

అప్పుడు ఆయన బొగ్గు మీద బంగారు తునకలు పెట్టి ఊదుగొట్టంతో మంట ఊదుతున్నాడు. తునక ఎర్రబడి, మెత్తబడి, ఒక్కసారి వణికి తనంతట తానే గుండులా ముడుచుకుంటుంది. ఆవగింజ కన్నా కాస్త పెద్దది. చల్లారాక దాన్ని తీసి ఇత్తడి మూతలో వేస్తున్నాడు. ఏమిటని అడిగితే ఒక పెండ్లికూతురి పుస్తె మీదికి ద్రాక్షపండ్లు అన్నాడు.

మా వైపు పెండ్లిలో రెండు పుస్తెలు ఉంటాయని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒకటి తల్లిగారింటిది, ఒకటి అత్తగారింటిది. రెండూ ఒకే తాడుకు గుచ్చి కడతారు. క్రైస్తవుల ఇండ్లలోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. కాకపోతే పుస్తె మీద సిలువ ఉంటుంది, లేదంటే పావురం ఉంటుంది. ఈ పెండ్లికూతురు జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఊరు కోరుట్ల. తండ్రి మస్కట్‌లో పని చేస్తాడు, పెండ్లికి వస్తున్నాడు. పెండ్లికొడుకుది సిరిసిల్ల. అత్తగారి పుస్తె మామూలు సిలువ పుస్తె. తల్లిగారి పుస్తె మీద మాత్రం ద్రాక్ష తీగ కావాలని ఈ అమ్మాయి పట్టుబట్టింది. చిన్నప్పటి నుంచి వాళ్ల చర్చిలో ప్రభువు బల్ల సంస్కారానికి ద్రాక్షరసం పోసే వెండి గిన్నె మీద ఆ తీగను చూస్తూ పెరిగిందట. తనకు ప్రార్థన కన్నా ముందు ఆ గిన్నె మీది ద్రాక్ష గుత్తే తెలుసని తర్వాత ఒకసారి నాతో చెప్పింది.

ఆ గిన్నెను చర్చి పాస్టరు, వాళ్లంతా అయ్యగారు అని పిలిచే పెద్దమనిషి, అంతకు ముందు రోజే తెల్లబట్టలో చుట్టి స్వయంగా కొట్టుకు తెచ్చాడట. అవుసులాయన చేతులు కడుక్కుని అందుకున్నాడు. చూసినంతసేపూ అయ్యగారు ఎదురుగానే కూర్చున్నాడు, మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు. పోయేముందు పని మంచిగా సాగాలని ఆ కొట్టులోనే ప్రార్థన చేశాడు. అవుసులాయన కూడా చేతులు జోడించాడు. గోడ మీద తన దేవుడి పటం వైపు ఒక చూపు చూసి ఆయనకూ సంగతి చెప్పుకున్నాడు. నాకు వార్త అక్కడే దొరికింది.

ఆ సాయంత్రమే అయ్యగారిని కలిశాను. ఆయన చెప్పడం మొదలుపెడితే నా బస్సు ఇంకొకటి పోయింది. క్రీస్తు తనను ద్రాక్షావల్లి అని చెప్పుకున్నాడు, తనవాళ్లను తీగలు అన్నాడు. తీగ వల్లిని విడిచిపెడితే ఎండిపోతుంది, పట్టుకుని ఉంటే కాస్తుంది. బల్ల దగ్గర పుచ్చుకునే ద్రాక్షరసం ఆయన చిందించిన రక్తానికి గుర్తు. ఆ రసం మన ఊళ్లలో ఎక్కడిది అని అడిగాను. నవ్వి, కిస్‌మిస్ నానబెట్టి, ఉడికించి, పలచటి బట్టలో వడగడతామన్నాడు. చాలాకాలం ఆ పని చేసింది ఈ పెండ్లికూతురి తల్లేనట. పూర్వం సిలువను బయటికి చూపడానికి భయపడే కాలంలో విశ్వాసులు ద్రాక్ష తీగను సమాధుల గోడల మీదా, రాళ్ల మీదా గీసుకునేవారని, తర్వాత అదే బిషప్పుల సిలువల మీదికీ, గిన్నెల మీదికీ ఎక్కిందని చెప్పాడు. అంతకన్నా ముందు యెరూషలేము దేవాలయం వాకిట్లో పెద్ద బంగారు ద్రాక్షతీగ ఉండేదట. మొక్కుకున్నవాళ్లు ఒక ఆకో, ఒక పండో బంగారంతో చేయించి దానికి తగిలించేవారట.

ఈ సంగతి మరుసటిసారి అవుసులాయనకు చెబితే ఊదుగొట్టం పక్కన పెట్టి ఆలోచించాడు. “గా గుడి కాడ అవుసులాయన అదృష్టవంతుడు సారు. పండు తగిలించినకొద్దీ తీగ పెరుగుతనే ఉంటది. పని ఆగే ముచ్చటే లేదు.”

పుస్తె తయారయ్యాక చూశాను. సన్నటి బంగారు తీగ సిలువ చుట్టూ అల్లుకుని ఉంది. చిల్లుల ఉక్కు పలకలోంచి మళ్లీ మళ్లీ లాగి సన్నబరచిన తీగ అది. ఒక పక్క గుత్తి, ఒక పక్క వంకీల అంచులతో చిన్న ఆకు, ఆకు పక్కన మెలితిరిగిన నులితీగ. మనం నగల తీగను, చెట్టు తీగను ఒకే మాటతో పిలుస్తాం కదా, ఆ మాటకు ఈయన న్యాయం చేశాడని రాశాను. ఫొటో తీశాను. కథనం పంపాను. శుక్రవారం రాత్రి మనసు తేలికగా పడుకున్నాను.

శనివారం పొద్దున నాకు మొదటి ఫోన్ వేములవాడ నుంచి వచ్చింది. ఎవరో భక్తుడు. ఇంత మంచి వార్త ఈ మధ్య చదవలేదని, కన్నీళ్లు వచ్చాయని అన్నాడు. ద్రాక్షకు కన్నీళ్లెందుకా అనుకుంటూ పేపరు విప్పాను. శీర్షిక ఇలా ఉంది: ‘పుస్తెలో రుద్రాక్ష గుత్తి’.

కింద ఉపశీర్షిక: ‘క్రైస్తవ వధువు మెడలో మత సామరస్యం’. లోపల ద్రాక్ష అన్న మాట విడిగా వచ్చిన ప్రతిచోటా రుద్రాక్ష అని ఉంది. చర్చిలో రుద్రాక్ష రసం పంచుతున్నారు. అయ్యగారు రుద్రాక్ష తీగ గొప్పతనం వివరిస్తున్నారు. నున్నగా మెరిసిన ఆ బంగారు గుండ్లు న్యూస్‌ప్రింట్ చుక్కల్లో గరుకుగా అచ్చయి, ఫొటో కూడా వార్తనే సమర్థిస్తోంది. రుద్రాక్షలు గుత్తులుగా కాస్తాయా అని మా ఆఫీసులో ఒక్కరికీ అనుమానం రాలేదు.

కరీంనగర్ డెస్కులో నా కాపీ చూసే ఉపసంపాదకుడి ఇంటికి ఫోన్ చేశాను. ఆయన నాకు పాత స్నేహితుడు, మంచివాడు, సోమవారం సోమవారం వేములవాడ శివుడి గుడికి వెళ్లేవాడు. సంగతి చెప్పాను. తర్వాత తెలిసింది ఇదీ. శివరాత్రి ప్రత్యేక పేజీలు చేసేటప్పుడు ఒక పాత ఫాంట్‌లో ‘రుద్రాక్ష’లోని ‘రు’ మాటిమాటికీ ఎగిరిపోయేది. విసిగిపోయిన ఆయన, ద్రాక్ష అని కనబడితే దానంతట అదే రుద్రాక్షగా మారిపోయేలా కంప్యూటర్‌కు నేర్పి పెట్టాడు. పండుగ అయిపోయింది. నేర్పిన సంగతి ఆయన మరిచాడు, అది మరవలేదు. మారిన కాపీనే చదివి, ముచ్చటపడి, సామరస్యం అని శీర్షిక పెట్టాడు.

“నేను నిజంగ సంతోషపడ్డ సార్” అన్నాడు దీనంగా. “మీరు రాసినవాటిల్ల నాకు బాగా నచ్చింది గిదే.”

నవ్వాలో ఏడవాలో తేలకముందే పెండ్లికూతురు ఫోన్ చేసింది. ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడుతోంది, వెనుక స్ట్రెచర్ చక్రాల చప్పుడు. సిరిసిల్లలో పెండ్లికొడుకు నాయనమ్మ పేపరు చదివించుకుని విన్నదట. ఆ ఇంట్లో పెద్దదిక్కు ఆమే. తల్లిగారి పుస్తె అలాంటిదైతే మా పుస్తెతో ఒక్క తాడుకు గుచ్చనియ్యనని, దాన్ని కరిగించి మామూలు పుస్తె చేయించుకుంటేనే గురువారం పెండ్లి అని కబురు పెట్టిందట. వీళ్లు ఫోన్‌లో ఫొటో పంపారు. ఆమెకు చూపు సరిగా ఆనదు, ఫోన్లో అన్నీ గుండ్లే కదా అన్నదట.

“కరిగించుమంటున్నరు సార్. మా అమ్మ సరే అంటున్నది. గొడవెందుకని” అంది. ఏడవలేదు. రోగుల దగ్గర గొంతు అదుపులో పెట్టుకోవడం అలవాటైన మనిషి. “నాకు ఆ తీగ కరిగితే గిన్నె కరిగినట్టే ఉంటది.”

సవరణ వేస్తాం, రేపటి పేపర్లో వస్తుంది, అది చదివి వినిపించమను అని ధైర్యం చెప్పాను. ఈ పనిలో మీరూ ఎన్నోసార్లు ఇదే చెబుతారు, అందుకే ఈ తర్వాతి సంగతి జాగ్రత్తగా వినండి. ఆ రోజు నా స్నేహితుడికి సెలవు. ఆయన సీట్లో కూర్చున్న ఇంకొకాయన నేను ఫోన్‌లో చెప్పింది చెప్పినట్టు అదే కంప్యూటర్‌లో కొట్టాడు. ఆదివారం ఆరో పేజీ అడుగున సవరణ ఇలా పడింది: ‘నిన్నటి సంచికలో రుద్రాక్ష అని వచ్చిన చోట రుద్రాక్ష అని చదువుకోగలరు. పొరపాటుకు చింతిస్తున్నాం.’

మధ్యాహ్నానికి సిరిసిల్ల నుంచి మళ్లీ కబురు. పత్రికవాళ్లే రెండోసారి కూడా రూఢి చేశాక ఇంకేం మాట్లాడతారని అడిగిందట నాయనమ్మ.

ఇక అచ్చును నమ్ముకుని లాభం లేదనిపించింది. అచ్చుతప్పు బస్సెక్కి సిరిసిల్ల పోయింది, నేనూ బస్సెక్కాల్సిందే. సోమవారం పొద్దున కోరుట్ల వెళ్లేసరికి పెండ్లికూతురి తల్లి పుస్తె డబ్బీని కొంగులో ముడివేసుకుని అవుసులాయన కొట్టు మెట్ల మీద కూర్చుని ఉంది. కరిగించడానికే తెచ్చింది. అవుసులాయన కుంపటి వెలిగించలేదు. బొగ్గులు తడిసినయట. ఎండాకాలంలో బొగ్గులెలా తడిశాయని నేను అడగలేదు.

ముగ్గురం సిరిసిల్ల వెళ్దామన్నాను. పని చేసిన మనిషి, పని చేయించిన మనిషి, పని చెడగొట్టిన పేపరు మనిషి, ముగ్గురూ ఎదురుగా కూర్చుంటే నాయనమ్మ మాట వినకపోదని నా ఆశ. తల్లి భయపడింది. అవుసులాయన మాత్రం అప్పటికే కొట్టు తలుపు వేశాడు.

దారిలో బస్సు వేములవాడలో ఆగింది. సోమవారం కదా, బస్టాండంతా తడి జుట్లూ, బెల్లం వాసనా, మొక్కు కోడెలను గుడికి తోలుకుపోయేవాళ్లు. కిటికీ కిందికి ఒకామె రుద్రాక్షలు అమ్మకానికి తెచ్చింది. అవుసులాయన తల బయటపెట్టి ఒకటి కొన్నాడు. పెండ్లికూతురి తల్లి అది చూసి మొహం అటు తిప్పుకుంది. ఉన్న తంటా చాలదా, దాన్ని ఆ ఇంటికి తీసుకుపోతావా అని నేను మెల్లగా మందలించాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, తూకం వేయాలంటే రెండు పక్కలా ఉండాలి కదా సారు అన్నాడు.

సిరిసిల్లలో వాళ్ల ఇల్లున్న వాడలోకి అడుగుపెడితే మరమగ్గాల చప్పుడుకు మనిషి మాట మనిషికి వినబడదు. ఇంటి లోపలికి వెళ్లాక కాస్త నయం. నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, తెల్లచీర. బతుకంతా మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులు, ఖాళీగా ఉన్నప్పుడు కూడా బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉంది. పెండ్లికొడుకు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ మొహం చూస్తే ఈ రెండు రోజులు అతను అన్నం సరిగా తిన్నట్టు లేదు.

“కూసోండ్రి” అంది నాయనమ్మ. “చాయ్ తాగినంక మాట్లాడుదాం. నాకు చాయ్ మీద కోపం లేదు.”

చాయ్ అయింది. నా వైపు తిరిగింది.

“పేపరాయనా, మా మనుమడు రోజు నీ పేపరు చదువుతడు, నేనింట. ఇన్నేండ్ల సంది ఇంటున్న. మీరెన్నడన్న అబద్ధం రాసిండ్రా?”

మంత్రులను, అధికారులను ప్రశ్నలడిగి బతికినవాడిని. నన్ను ఇంత ఇరుకున పెట్టిన ప్రశ్న ఎవరూ అడగలేదు. రాశామంటే పత్రిక పరువు పోతుంది. రాయలేదంటే పుస్తె పోతుంది. అబద్ధం కాదమ్మా, అచ్చుతప్పు అన్నాను.

“రెండిటికి తేడా ఏంది?”

“అబద్ధం రాసేముందే తెలుస్తుంది. అచ్చుతప్పు మీతోపాటే పొద్దున చదివాక తెలుస్తుంది.”

పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. “మల్ల తెల్లారి గూడ గదే రాస్తిరి గద” అంది. కంప్యూటర్ సంగతి చెప్పాను. యంత్రం దారం తెంపితే తిట్లు కండెలు చుట్టేవాళ్లకే పడతాయని ఆమెకు తెలుసు, నన్ను ఇంకేమీ అనలేదు. పెండ్లికూతురి తల్లి వైపు తిరిగింది.

“బిడ్డా, నాకు రుద్రాక్ష మీద కోపమనుకుంటున్నవా? మా నాయిన మెడల ఉండె రుద్రాక్ష. దాన్ని పట్టుకొనే నడక నేర్చుకున్న. నా కోపమంత, ద్రాక్ష అని చెప్పి రుద్రాక్ష తెచ్చుడేందని. పిల్ల ఇంట్లకు రాకముందే ఒకటి చెప్పి ఒకటి చేస్తే, రెండు పుస్తెలు ఒక్క తాడుకు ఎట్ల ఉంటయి?”

అవుసులాయన లేచి మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి రుద్రాక్ష తీసి నాయనమ్మ ఎడమ చేతిలో పెట్టాడు. తల్లి కొంగుముడి విప్పి, డబ్బీలోంచి పుస్తె తీసి కుడి చేతిలో పెట్టింది.

నాయనమ్మ కళ్లు మూసుకుంది. ముందు ఎడమ బొటనవేలు కదిలింది. రుద్రాక్ష గాడుల వెంట అది మెల్లగా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయింది. ఆ మొహంలో ఏదో చాలా పాతది కదిలింది. తర్వాత కుడి బొటనవేలు పుస్తె మీద తిరిగింది, గుత్తిని ఒక్కొక్క పండే తడిమింది.

“ఇది గరుకు. గిది నున్నగ” అంది. “గిది పండే. ద్రాక్షపండే.”

గుమ్మం దగ్గర పెండ్లికొడుకు ఊపిరి వదిలాడు. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను బస్సు వేళ గురించి ఆలోచించడం కూడా మొదలుపెట్టాను. అప్పుడు నాయనమ్మ బొటనవేలు ఆగింది.

“గీ ఆకేం ఆకు?”

ద్రాక్ష ఆకు అని నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె అడిగింది నన్ను కాదు. అవుసులాయన తల వంచుకుని, తన చేతులను చూసుకుంటూ కూర్చున్నాడు.

“కాకర ఆకు అవ్వా” అన్నాడు.

తల్లి ఉలిక్కిపడి చూసింది. నేనూ ఉలిక్కిపడ్డాను. ద్రాక్షాకు వంకీల సొగసు గురించి రెండు వాక్యాలు రాసినవాడిని కదా.

“పండ్లు బండి మీద చూసిన గని ద్రాక్ష తీగ పుట్టి బుద్ధెరిగి చూడలే. గిన్నె మీద గుత్తి ఉన్నది, ఆకు తోమితోమి అరిగిపోయింది. మా ఇంటెనుక పందిరికి కాకర తీగ ఉన్నది. దాని ముందట కూసోని చేసిన. గీ వంకరలు, గీ నులితీగ, అన్నీ దానియే. ఎవ్వరు అడగలే, నేను చెప్పలే. నువ్వు అడిగినంక ఇంకోటి చెప్తే, నువ్వన్నదే నిజమైతది.”

అంతా అయిపోయిందనుకున్నాను. తల్లి పుస్తె కోసం చేయి చాపింది. నాయనమ్మ పుస్తెను ఇవ్వలేదు. ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని పెండ్లికొడుకు ఒక అడుగు ముందుకు వేశాడు. ఏడుపు కాదు. నవ్వు కడుపులోంచి వచ్చి, దగ్గులో చిక్కుకుని, మళ్లీ బయటపడింది.

“చదువక ముందు కాకరకాయ, చదివినంక కీకరకాయ అంటరు” అంది కళ్లు తుడుచుకుంటూ. “మీరు దాని తాతలు. ఈయన కాకరను ద్రాక్ష జేసిండు, పేపరోళ్లు ద్రాక్షను రుద్రాక్ష జేసిండ్రు. ఇంకో చెయ్యి పడితే ఏమైతుండెనో.”

నవ్వు అందరికీ అంటుకుంది. తల్లి మాత్రం ఇంకా భయంగానే, మార్పించమంటే ఆకు మార్పిస్తాం పెద్దమ్మా అంది.

“ఎందుకు మార్చుడు? పండు తీపి, ఆకు చేదు. నేను కాపురం చేసినదాన్ని, నాకు తెల్వదా? ఉత్త ద్రాక్షనే చేసి పిల్ల మెడల ఏస్తే, గదే అబద్ధమైతుండె.”

మనుమడిని పిలిచి తమ పుస్తె, తాడు తెమ్మంది. కళ్లతో పని లేకుండా, కండెకు దారం ఎక్కించినట్టు, తాడు కొసను నాలుకతో తడిపి ముందు సిలువ పుస్తె, తర్వాత తీగ పుస్తె గుచ్చింది. రెండు కొసలు పట్టుకుని చెవి దగ్గర ఆడించింది. రెండు పుస్తెలూ ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. సరిపోయినయి అని, మళ్లీ తీసి దేని డబ్బీలో దాన్ని పెట్టి గురువారం దాకా జాగ్రత్త అంది.

మేం బయల్దేరేటప్పుడు రుద్రాక్ష ఇంకా ఆమె ఎడమ పిడికిలిలోనే ఉంది. ఆమె ఇవ్వలేదు, అవుసులాయన అడగలేదు.

గురువారం కోరుట్ల చర్చిలో పెండ్లి. మస్కట్ నుంచి వచ్చిన తండ్రి కొత్త బూట్లతో ఇబ్బందిపడుతూ బిడ్డ చేయి పట్టుకుని నడిపించాడు. అవుసులాయన ముందు వరుసలో కూర్చుని, పుస్తె ఒక్కటే చూస్తున్నాడు. అయ్యగారు ద్రాక్షావల్లి గురించే ప్రసంగించాడు. పత్రిక సంగతి ఎత్తలేదు. కానీ ‘ద్రాక్ష’ అన్న ప్రతిసారీ ఆ ‘ద్రా’ దగ్గర ఒక్క క్షణం ఆగి, స్పష్టంగా పలికి, నావైపు చూశాడు. మూడోసారికి చర్చిలో వెనుక వరుసల నుంచి నవ్వులు ముందుకు వచ్చాయి. పెండ్లికూతురు తల వంచుకుని నవ్వింది. బల్ల మీద ఆ వెండి గిన్నె ఉంది. దాని మీద గుత్తి ఉంది, ఆకు లేదు. ఆ ఆకు లోటు తీరింది ఆమె మెడలోనే.

విందులో విస్తరి అంచున ప్రతివాళ్లకూ ఒక చిన్న ద్రాక్ష గుత్తి పెట్టారు. పక్కనే కాకరకాయ వేపుడు. పెండ్లివిందులో కాకరకాయేమిటని మగపెండ్లివారిలో ఎవరో గొణిగారు. నాయనమ్మ హుకుం అని తెలిసి రెండోసారి వడ్డించుకున్నారు. ఆమె నా పక్కనుంచి పోతూ నా విస్తరి వైపు చేయి చూపి, పేపరాయనకు ముందు కాకరకాయ వెయ్యండ్రి అని చెప్పి మరీ పోయింది.

ఆ సాయంత్రం పెండ్లి వార్త పంపాను. పుస్తె మీద ద్రాక్ష గుత్తి, కాకర ఆకు అని అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. కాసేపటికి కరీంనగర్ నుంచి నా స్నేహితుడి ఫోన్. కంప్యూటర్‌కు నేర్పిన ఆ విద్యను దాని చేత మరిపించానని ముందే చెప్పి, తర్వాత గొంతు తగ్గించాడు.

“సార్, కాకర అంటే కాకరనే గద? కీకర కాదు గద?”

చదివి వినిపించమన్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. అక్షరం అక్షరం విన్నాను.

తెల్లారి పేపరు విప్పి అన్నిటికన్నా ముందు ఆ వార్తే చూశాను. ద్రాక్ష ద్రాక్షగానే ఉంది. కాకర కాకరగానే ఉంది. వార్త కింద నా పేరులో మాత్రం ఒక అక్షరం ఎక్కువ పడింది.

సవరణ వేయమని అడగలేదు.